తడపకముందే

తెల్లమచ్చ తగిలి రొయ్యలన్నీ తేలిపోయిన వారానికి
లీజుదారు ఏరియేటర్లు విప్పించాడు.
మోటార్లు, వలలు, బస్తాల అడుగున మిగిలిన మేతతో సహా
లెక్కపెట్టి లారీకెక్కించాడు.
లెక్కలో లేనిది ఇదొక్కటే.
దుమ్ము అణిగేదాకా గట్టు మీద నిలబడి చూస్తోందని
దీవెన చంకనేసుకొచ్చింది.

అప్పట్లో దాని పేరు ఏంజెలో ఏదో అట.
మేం పీచు అన్నాం.
కొబ్బరి డొక్క చూసినవాళ్ళెవరైనా అదే అంటారు.
మొహం ఎటో తోక ఎటో తెలీదు,
తుమ్మితే తెలిసింది, మొహం ఇటని.

పశువులాసుపత్రి కాంపౌండరు మిషను చూపించి
"గుండు కొట్టేద్దామమ్మా, పది నిమిషాలు" అన్నాడు.
మా ఆయనా అదే మాట,
ఎంతవుతుందో అడిగాక మాత్రం మానేశాడు.

నేను దాన్ని ఒళ్ళో బోర్లా వేసుకుని
ఎనభై నంబరు నూలు ఉండ చిక్కుపడితే ఎలా చూస్తానో
అలా చూశాను,
ఎక్కడ కాస్త వదులుగా ఉందా అని.

ముందు నీళ్ళు పోయకూడదు.
నాకు పదకొండేళ్ళప్పుడు మేనత్త కరుణమ్మ
చేతి మీద ఒక్కటిచ్చి నేర్పిన సంగతి:
"తడిస్తే బిగుస్తుందే, పొడిగా ఉన్నప్పుడే బతిమాలు."

చివర్నుంచి మొదలు. అంగుళం. ఇంకో అంగుళం.
కుదురు దగ్గర రెండు వేళ్ళతో బిగించి పట్టుకుంటే
లాగిన నొప్పి నా వేళ్ళ దగ్గరే ఆగిపోతుంది.
ముడికో చుక్క కొబ్బరినూనె.
దువ్వెన దూరనిచోట లేసు సూది,
కొంకి దింపి, ఒక పోగెత్తి, వదిలి,
మళ్ళీ ఒక పోగెత్తి.

లోపల ఏం దొరికాయనుకున్నారు!
పల్లేరుకాయలు నాలుగు,
ఎండి రాళ్ళైపోయిన మేత గుళికలు,
నీలం వల పోగు మూరెడు,
చెవి వెనక బఠాణీలంత పిడుదులు.
సర్ఫు నీళ్ళ గ్లాసు పట్టుకుని దీవెన
పదిహేడు దాకా లెక్కపెట్టి
కడుపులో తిప్పుతోందని లేచిపోయింది.

ఊరుకుందనుకోకండి.
మొదటిరోజు నా బొటనవేలు కొరికింది.
రెండోరోజు కొరికి, నాకింది.
మూడోరోజు గుర్రుపెట్టి నిద్రపోతే
మోకాలు తిమ్మిరెక్కినా నేను లేవలేదు.

ముందుకాలి చంకలో ఒకటుంది,
చింతగింజలా గట్టిపడి, తోలుకి అంటుకుని.
రెండు మధ్యాహ్నాలు బతిమాలాను.
అడుగేసినప్పుడల్లా ఆ ముద్ద తోలుని లాగుతోంది,
అది కుంటుతోంది, నేను పంతం పడుతున్నాను.
కత్తెర చూస్తే కరుణమ్మత్త మొహం తిప్పుకునేది.

మూడో మధ్యాహ్నం
తోలుకీ ముద్దకీ మధ్య దువ్వెన అడ్డం పెట్టి
కత్తిరించేశాను.

ఏమీ అవలేదు.
లేచి, నాలుగు కాళ్ళూ సమానంగా వేసుకుంటూ వెళ్ళి
మంచినీళ్ళు తాగింది.
నలభై ఏళ్ళలో నేను తెంపిన మొదటి ముడి అది.

అప్పుడు పోశాం గోరువెచ్చని నీళ్ళు.
చెవుల్లో దూది, కళ్ళకి నా అరచెయ్యి.
తడిసేసరికి లోపలున్నది ఎలకంత ప్రాణం.
మొదటి చెంబు పంటకాలవ, మూడోది టీ, ఆరోది నీళ్ళు.
తెల్లదని అప్పుడు తెలిసింది. పేరు మార్చలేదు.

పాత లుంగీతో అద్దాలి, రుద్దితే మళ్ళీ చిక్కే.
ఈ కాలవ చెమ్మలో ఓ పట్టాన ఆరి చావదు,
ఫ్యాను కింద దువ్వుతూ రాత్రి తొమ్మిదైంది.
నుదుటి జుట్టు ఎత్తి లేసు ముక్కతో కడితే
పీచు మమ్మల్ని మొదటిసారి సరిగ్గా చూసింది.
మా ఆయన బనీను సర్దుకున్నాడు.

శనివారం నర్సాపురం నుంచి ఏజెంటు నాగమల్లయ్య.
పన్నెండు టేబులు గుడ్డలూ వెలుతురుకెత్తి చూశాడు.
ఏడోదాంట్లో, అనాసపండు కుట్టు నడుమ,
నూలు కన్నా సన్నగా, ఓ తెల్ల వెంట్రుక.
"ఆయ్, ఇదేటండీ?"
ఎనిమిది రూపాయలు కోసి, పట్టుకుని లాగాడు.
రాలేదు.
మూడు ముడుల కిందనుంచి పోయింది, మూడూ నేను వేసినవే.
"విప్పనా?" అన్నాను.
వాచీ చూసుకున్నాడు.
మడిచి, మిగతావాటితోపాటే మూటలో పెట్టాడు.

గుమ్మంలో పీచు
అతని చెప్పు ఒకటి నోట కరుచుకుని
తీరిగ్గా పెరట్లోకి పోతోంది.